డాలు నల్లులు



ఈవేళ నేను చెప్పబోయే పురుగు మీలో చాలామంది చూసినదే. చూసి, "అబ్బ, ఎంత బాగుందో!" అనుకొని, మరుక్షణంలో "ఇది పంటకేం చేస్తుందో" అని భయపడినదే. గట్టుమీద కంచెగా వేసిన అడవి ఆముదం ఉన్నది చూడండి, దానినే నేపాళమనీ, ఈ మధ్య జట్రోఫా అనీ అంటున్నారు. ఆ కాయల గుత్తులమీద పచ్చగా, నీలంగా, ఊదాగా, మిలమిలలాడుతూ గుంపులు గుంపులుగా కూర్చొని ఉంటుంది. దూరంనుంచి చూస్తే గాజుపూసలు గుచ్చి చెట్టుకు తగిలించారేమో అనిపిస్తుంది. దగ్గరకు వెళ్ళి చెయ్యి పెట్టామా, కొన్ని దబదబ కిందపడిపోతాయి, కొన్ని ఎగిరిపోతాయి, చేతికి మాత్రం ఒక ఘాటైన కంపు అంటుకుంటుంది.

దీనిని ఇంగ్లీషువారు రత్నాల నల్లి అని అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. మన భాషలో దీనికి స్థిరమైన పేరు ఉన్నట్లు నేనెరుగను. అందుచేత ఈ ప్రసంగంవరకు "డాలు నల్లి" అందాము. డాలు ఎందుకన్నానో ముందుముందు మీకే తెలుస్తుంది.

మొదట ఒక పొరపాటు తీర్చుకోవాలి. మెరిసే పురుగు కనబడగానే మన పిల్లలు "బంగారు పురుగు" అంటారు. వానకాలంలో తుమ్మచెట్ల మీద దొరికే ఆకుపచ్చ బంగారు పురుగును అగ్గిపెట్టెలో పెట్టి, తుమ్మాకు మేపి, గుడ్డు పెట్టిందా లేదా అని గంటకొకసారి తెరచి చూడని పిల్లలు మన పల్లెల్లో ఉండేవారు కారు. ఆ బంగారు పురుగు వేరు, ఈ డాలు నల్లి వేరు. అది పెంకు పురుగు. దాని పెంకులనే వెనుకటి రోజుల్లో చీరల అంచులకూ, దొరసానుల గౌన్లకూ కుట్టేవారు. ఇది నల్లిజాతి. మంచంలోని నల్లికీ, వరికంకి మీది కంపునల్లికీ, పత్తికాయ మీది ఎర్రనల్లికీ ఇది దూరపు చుట్టం. మెరుపును చూసి రెంటినీ ఒకటే అనుకుంటే, తరువాత మందు విషయంలో కూడా పొరపాటు పడతాము. పెంకు పురుగు ఆకును కొరికి తింటుంది. నల్లి కొరకదు, పీలుస్తుంది. ఆకుమీద చల్లిన పొడి కొరికేదాని కడుపులోకి పోతుంది గాని, కాయ లోపలి రసం పీల్చేదాని కడుపులోకి ఎట్లా పోతుంది?

గుర్తుపట్టడం ఏమంత కష్టం కాదు. పురుగును వెల్లకిల తిప్పండి. తల కిందనుంచి కాళ్ళ మధ్యకు, సూదిలాగా ముడుచుకొని ఉన్న ముక్కు కనబడితే అది నల్లి. ఆ ముక్కు నాలుగు కణుపులుగా ఉంటుంది. దవడలు కనబడితే పెంకు పురుగు. ఇప్పుడు మళ్ళీ బోర్లా తిప్పి వీపు చూడండి. పెంకు పురుగు వీపు మీద నట్టనడుమ నిలువుగా ఒక గీత ఉంటుంది. రెండు తలుపులు మూసినచోట సందులాంటిది. అది ఎగరబోయేటప్పుడు ఆ రెండు తలుపులూ తెరుచుకుంటాయి. డాలు నల్లి వీపు మీద ఆ గీత ఉండదు. మెడ వెనుకనుంచి తోకదాకా ఒకే పలక, నున్నగా, గుమ్మటంలాగా ఉబ్బి ఉంటుంది.

ఆ పలకే డాలు. అది రెక్క కాదు. ఈ సంగతి కొంచెం ఆగి చెప్పుకోవలసినది. ప్రతి నల్లికీ రెండు రెక్కల మొదళ్ళ నడుమ చిన్న ముక్కోణపు బిళ్ళ ఒకటి ఉంటుంది. శాస్త్రజ్ఞులు దానికి లాటిన్ భాషలో "చిన్న డాలు" అని అర్థం వచ్చేట్లు స్కుటెల్లం అని పేరు పెట్టారు. తక్కిన నల్లులలో అది నిజంగా చిన్నదే. కాని ఈ కుటుంబంలో మాత్రం ఆ చిన్న డాలు పెరిగి పెరిగి, రెక్కలనూ కడుపునూ మొత్తం కప్పేసింది. పేరు చూస్తే చిన్న డాలు, వస్తువు చూస్తే ఒళ్ళంతా కప్పే డాలు! ఈ డాలును బట్టే కుటుంబానికి స్కుటెల్లెరిడే అని పేరు. ప్రపంచం మొత్తంమీద ఈ కుటుంబంలో సుమారు 450 జాతులున్నాయని లెక్క.

మరి ఇది ఎగురుతుంది గదా, ఎట్లా ఎగురుతుంది అని మీరడగవచ్చు. డాలు కదలదు. అది వీపులో భాగం. రెక్కలు దాని కింద మడిచి దాచిపెట్టి ఉంటాయి. ఎగరవలసి వచ్చినప్పుడు డాలుకు ఇరుప్రక్కలనుంచి వాటిని బయటికి చాచి ఎగురుతుంది, దిగిన తరువాత తిరిగి డాలు కిందికి దోపుకుంటుంది. రెక్క నలగకుండా, తడవకుండా ఇంతకంటే మంచి ఏర్పాటు ఉన్నదా?

ఇక రంగు సంగతి. మన అద్దకపు పనివారు బట్టకు వేసే రంగు వంటిది కాదిది. డాలు పైపొరలో కంటికి కనిపించనంత పలుచని పొరలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి. వెలుగు వాటి మీద పడి, ఒక్కొక్క పొరనుంచి తిరిగివచ్చి కలిసేటప్పుడు కొన్ని రంగులు బలపడి, కొన్ని అణగిపోతాయి. నీళ్ళమీద తేలే నూనెపొరలో ఇంద్రధనుస్సు కనబడినట్లే. అందుకనే ఈ పురుగును చేతిలో అటూ ఇటూ తిప్పితే పచ్చ నీలమవుతుంది, నీలం ఊదా అవుతుంది. చచ్చి ఎండిపోయినప్పుడు కొన్ని రకాలకు మెరుపు తగ్గి నల్లబడిపోతుంది. తడిపితే కొంత మెరుపు తిరిగి వస్తుంది కూడాను. పొరల్లో తేమ తగ్గితే వాటి మందం మారుతుంది, దానితో రంగూ మారుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, చివర మళ్ళీ పనికివస్తుంది.

ఇంత మెరిసే పురుగును పిట్టలు తినవా? తినబోయినదానికి బుద్ధి చెప్పే సాధనం దాని దగ్గరున్నది. పెద్ద పురుగుకు కాళ్ళ మొదట్లో, పిల్ల పురుగుకు వీపుమీద, కంపు గ్రంథులున్నాయి. ఒక్కసారి నోట పెట్టిన పిట్ట రెండోసారి ఆ రంగు కనబడితే పక్కకు తప్పుకుంటుందని, ఈ తళతళ ఆ విధంగా ఒక హెచ్చరిక పలక అని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. మీకు కూడా ఒక మాట: దీన్ని పట్టుకున్న చేత్తో కళ్ళు నులుముకోవద్దు. మంట పుడుతుంది.

మన దేశంలో సాధారణంగా కనిపించే డాలు నల్లులలో ముఖ్యమైనది క్రైసోకోరిస్ అనే ప్రజాతి. గ్రీకు భాషలో క్రైసోస్ అంటే బంగారం, కోరిస్ అంటే నల్లి. బంగారు నల్లి అన్నమాట. 1834లో హాన్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు ఈ పేరు పెట్టాడు. ఈ ప్రజాతి నివాసమంతా మన ఆసియా ఖండపు వేడిదేశాలే. శ్రీలంక, భారతదేశం మొదలుకొని మయన్మారు, థాయిలాండు, వియత్నాం, దక్షిణ చైనా, తైవాను, మలేషియా, ఇండోనేషియా దీవులదాకా వ్యాపించి ఉన్నది. 1902లో డిస్టెంట్ అనే ఆయన మన దేశపు నల్లులమీద వ్రాసిన పెద్ద గ్రంథం మొదటి సంపుటంలో వీటి వర్ణన ఉన్నది. నూరేళ్ళు దాటినా పరిశోధకులు ఇప్పటికీ ఆ పుస్తకం తిరగేస్తూనే ఉంటారు.

దీని ఆకారం ఎట్లా ఉంటుందంటే, ఒక చింతగింజను ఊహించుకోండి. దాన్ని కొంచెం కోలగా సాగదీసి, పైభాగం ఉబ్బించి, దానిమీద లోహపు పూత పూయండి. పొడవు సుమారు అర అంగుళం. మీసాలు నల్లనివి, అయిదు కణుపులవి. కాళ్ళ చివర పాదం మూడు కణుపులు. మెడపలక మీదా, డాలు మీదా నల్లని చుక్కలు వరుసగా అమర్చి ఉంటాయి. ఈ చుక్కల లెక్క, అమరికను బట్టే జాతులను విడదీస్తారు. క్రైసోకోరిస్ స్టోలి అనేది పచ్చ, నీలం కలిసిన మెరుపుది. స్టోల్ అనే డచ్చి పురుగుల శాస్త్రజ్ఞుడి పేరు దానికి 1801లోనే పెట్టారు. క్రైసోకోరిస్ పర్‌ప్యూరియస్ అనేది, పేరులోనే ఉన్నట్లు, ఊదారంగు తేలేది. దీనికి దాయాది అనదగ్గది స్కుటెల్లెరా ప్రజాతి. కొంచెం పెద్దది, సన్నగా పొడుగ్గా, ముప్పాతిక అంగుళం దాకా ఉంటుంది. ఆ రెండూ ఒకే చెట్టు మీద ఉండటం కద్దు.

సంసారం సంగతికి వద్దాము. తల్లి పురుగు ఆకు మీద గుడ్లను వరుసగా, ఒకదాని ప్రక్కన ఒకటి, పొందికగా అతికిస్తుంది. గుడ్డు పగిలి వచ్చిన పిల్లలు సీతాకోకచిలుక పిల్లలలాగా గొంగళిపురుగులు కావు, నిద్రావస్థ లేదు. పుట్టినప్పటినుంచీ చిన్న నల్లులే. అయిదుసార్లు కుబుసం విడిచి పెద్దవవుతాయి. పిల్లలకు డాలు ఉండదు, రెక్కలుండవు. కొన్ని రోజులు గుడ్ల పెంకుల దగ్గరనే గుంపుగా ఉండి తరువాత చెదురుతాయి. పిల్లలను చూసి ఇది వేరే పురుగనుకోవడం సహజం. చివరి కుబుసం విడిచాక కాసేపు పాలిపోయినట్లు మెత్తగా ఉండి, ఆ తరువాత రంగు తేలుతుంది. పాలిపోయిన ఆ పురుగును చూసి "రోగం తగిలినట్లుంది" అనుకోకండి. అది కొత్త చొక్కా ఆరబెట్టుకుంటున్నది, అంతే.

ఈ కుటుంబంలో కొన్నిటికి మాతృప్రేమ కూడా ఉన్నది. మన దేశంలోనూ తూర్పు ఆసియాలోనూ ఉండే కాంటావో ఒసెల్లేటస్ అనే డాలు నల్లి గుడ్లు పెట్టాక వాటిమీద పొదిగిన కోడిలాగా కూర్చొని, పిల్లలు వచ్చేదాకా కదలదు. ఆస్ట్రేలియాలో పత్తి మొక్కలమీద కనబడే మరొక డాలు నల్లి సన్నకొమ్మ చుట్టూ కడియంలాగా గుడ్లు పెట్టి కాపలా కాస్తుంది. కాపలా ఎవరినుంచి? చీమలనుంచి, ముఖ్యంగా గుడ్డులో గుడ్డు పెట్టే పరాన్నజీవి కందిరీగలనుంచి. ఆవగింజకంటే చిన్నవైన ఈ కందిరీగలు నల్లి గుడ్డులో తమ గుడ్డు దూరుస్తాయి. నల్లి పిల్లకు బదులు కందిరీగ బయటికి వస్తుంది. తల్లికి అది శత్రువే గాని, మనకు చుట్టం.

ఇంతకూ ఇది తినేదేమిటి? మన ప్రాంతాల్లో దీనిమీద పరిశీలించినవారు ఎక్కువగా చెప్పే మాట అడవి ఆముదం. ఇక్కడ ఒక చిత్రం ఉన్నది. అడవి ఆముదం మన దేశపు మొక్క కాదు. మెక్సికో, మధ్య అమెరికాల నుంచి వచ్చినది. మేకలు ముట్టవు గనుక కంచెకు బాగుంటుందని మనవారు నాటుకున్నారు. మేక ముట్టని ఆ మొక్కను మన బంగారు నల్లి మాత్రం తన సొంతం చేసుకున్నది. అటు దాని పుట్టింట్లో, నికరాగ్వా దేశంలో, అదే కుటుంబానికి చెందిన పాకికోరిస్ అనే డాలు నల్లి అదే మొక్క కాయలను పీల్చుతూ అక్కడి తోటలకు పెద్ద బెడద అయింది. భూగోళానికి ఆ ప్రక్కనా ఈ ప్రక్కనా, చుట్టరికమున్న రెండు పురుగులు ఒకే మొక్క మీద పడ్డాయి!

కంచెగా ఉన్నన్నాళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. 2003లో ప్రణాళికా సంఘం వేసిన కమిటీ అడవి ఆముదపు గింజలనుంచి డీజిలు తీయవచ్చునని, బంజరు భూముల్లో పెద్దయెత్తున నాటాలని సిఫారసు చేసింది. ఆ ఊపులో చాలా రాష్ట్రాల రైతులు నాటారు. "నీరక్కరలేదు, ఎరువక్కరలేదు, పురుగు పట్టదు" అని ప్రచారం జరిగింది. నీళ్ళు లేకపోతే మొక్క బ్రతికింది గాని కాయ రాలేదు. పురుగు పట్టదన్న మాట మరీ వింత. చెదురుమదురుగా ఉన్న కంచెను వరుసల తోటగా మార్చితే, దాని పురుగుకు మనమే విస్తరి వేసినట్లు కాదా? స్కుటెల్లెరా, క్రైసోకోరిస్ నల్లులు పూతమీదా పిందెమీదా చేరి రసం పీల్చాయి. పూత రాలింది, పిందె రాలింది. నిలిచిన కాయల్లో గింజ నొక్కులు పడి నూనె తగ్గింది. తోటలు దెబ్బతినడానికి నల్లి ఒక్కటే కారణం కాదు, అసలు దిగుబడి మాటే లెక్క తప్పింది. చాలాచోట్ల రైతులు మొక్కలు పీకేసి మళ్ళీ జొన్నో కందో వేసుకున్నారు. పురుగు పట్టని పంట ఉన్నదని ఎవరైనా మీ ఇంటికి వచ్చి చెబితే, కాస్త నిలబెట్టి రెండు ప్రశ్నలడగండి.

డాలు నల్లి అంత ప్రమాదమా అంటే, ఏ డాలు నల్లి అని అడగాలి. మెరవని చుట్టం ఒకటున్నది, ఇది అసలైన దొంగ. తుర్కీ, సిరియా, ఇరాక్, ఇరాన్, ఆ పైన మధ్య ఆసియా దేశాల గోధుమచేలలో యూరిగాస్టర్ అనే మట్టిరంగు డాలు నల్లి ఉన్నది. చలికాలమంతా కొండలమీద ఆకులకింద దాక్కొని, ఎండలు మొదలుకాగానే గుంపులుగా చేలమీదికి దిగుతుంది. ఆకుమీద ఏడేసి చొప్పున రెండు వరుసలుగా పధ్నాలుగు గుడ్లు పెడుతుంది. పాలుపోసుకొనే గింజలో ముక్కు గుచ్చి ఉమ్మి వదులుతుంది. ఆ ఉమ్మిలోని పదార్థం పిండిలోని జిగురును విరగగొడుతుంది. నూటికి రెండు మూడు గింజలు అట్లా పాడైతే చాలు, ఆ రాశి పిండి మొత్తం రొట్టెకు పనికిరాదు. రొట్టె పొంగదు, జావలాగా జారిపోతుంది. మన ఈశాన్య ప్రాంతపు తేయాకు తోటల్లో పీసిలోకోరిస్ అనే మరొక డాలు నల్లి తేయాకు విత్తనాలను గుచ్చి మొలకెత్తకుండా చేస్తుంది. మన బంగారు నల్లి వీటితో పోల్చితే సాధువు.

ఇక మీరు చెయ్యవలసిన పని చెబుతాను. గట్టు కంచెమీద ఈ నల్లులు కనబడినంత మాత్రాన మందు డబ్బా ఎత్తనక్కరలేదు. కంచెకు కాయ రాలితే మనకేమి నష్టం? పైగా అడవి ఆముదం పూతకు తేనెటీగలు వస్తాయి. అక్కడ చల్లిన మందు ముందు వాటిని చంపుతుంది. ఆ తేనెటీగలే మీ దోసకూ, గుమ్మడికీ, పొద్దుతిరుగుడుకూ కాపు నిలబెట్టేది.

మహబూబ్‌నగరం, నల్లగొండ ప్రాంతాల్లో ఆముదం పండించేవారున్నారు. అడవి ఆముదానికి మన ఆముదం చుట్టం గనుక, మెరిసే నల్లి నాలుగు కనబడితే గుండె దడదడ లాడవచ్చు. ఆముదానికి అసలు శత్రువులు వేరు. ఆకులు జల్లెడ చేసేది నామాల పురుగు, కాయలు తొలిచేది కాయతొలుచు పురుగు. మందుకు పెట్టే రూపాయి ఏదైనా ఉంటే ముందు వాటిని వెతికి, అవి ఎన్ని ఉన్నాయో లెక్క చూసి పెట్టండి. "చేలో మెరిసే పురుగులున్నాయి, మందియ్యి" అని దుకాణంలో అడిగితే, దుకాణదారు పురుగును చూడడు, ఉన్న మందు ఇస్తాడు.

గింజకోసమే అడవి ఆముదం పెంచుతున్నవారుంటే, వారి మాట వేరు. తెల్లవారుజామున చల్లదనానికి ఈ నల్లులు మందకొడిగా ఉంటాయి. వెడల్పాటి గిన్నెలో సబ్బునీళ్ళు పోసి గుత్తి కింద పట్టి, కొమ్మను తట్టితే జలజల రాలి మునుగుతాయి. కిందపడటం వాటి అలవాటు గదా, ఆ అలవాటునే మనం వాడుకుంటున్నాము. పిల్ల పురుగులు గుంపుగా ఉన్నప్పుడే ఈ పని చేస్తే ఒక్క తట్టుకు బోలెడు పోతాయి. గుడ్ల వరుసలున్న ఆకులను మాత్రం గమనించండి. గుడ్లు నల్లబడి ఉంటే లోపల కందిరీగ పెరుగుతూ ఉండవచ్చు, వాటిని ఉండనీయండి.

తల్లులకు ఒక మాట. పురుగుకంటే ఇది ముఖ్యం. ఈ నల్లుల అందం చూసి పిల్లలు అడవి ఆముదపు కంచె దగ్గర మూగుతారు. పురుగు వాళ్ళనేమీ చెయ్యదు, చెయ్యి కంపు కొడుతుంది, అంతే. కాని ఆ చెట్టు గింజలు విషం. కొంచెం తియ్యగా, వేరుశనగ పప్పులాగా ఉంటాయి గనుక పిల్లలు నోట్లో వేసుకుంటారు. వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి పట్టుకుంటాయి. మన దేశంలో బళ్ళ దగ్గరి చెట్ల గింజలు తిని గుంపుగా పిల్లలు ఆసుపత్రి పాలైన సంఘటనలు ఎన్నోసార్లు జరిగాయి. అటువంటిది జరిగితే పసరుమందులతో కాలయాపన చెయ్యక, మిగిలిన గింజలు కూడా వెంట తీసుకొని వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. బడి ప్రహరీకి, ఇంటి పెరటికి ఈ కంచె ఉంటే తీసివేసి గోరింటాకు నాటుకోండి.

ఇది ఏ రకమో తేల్చుకోవాలని ఉత్సాహమున్నవారు రెండు మూడు పురుగులను చిన్న డబ్బాలో దూది పరచి పెట్టి, దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రానికి గాని, వ్యవసాయ కళాశాలకు గాని తీసుకొనిపోవచ్చు. ఇందాక చెప్పానే, ఎండితే రంగు మారుతుందని, అందుచేత ప్రాణంతో ఉన్నప్పుడే దాని రంగు, చుక్కలెన్ని, అవి మెడపలక మీద ఎన్ని, డాలు మీద ఎన్ని అన్నది ఒక కాగితం మీద వ్రాసుకోండి. ఏ మొక్క మీద దొరికింది, ఏ ఊరు, ఏ తేదీ అన్నది కూడా వ్రాసి ఆ కాగితం డబ్బాలోనే పెట్టండి. కాగితం లేని పురుగును చూసి ఎంతటి పండితుడైనా సగం మాటే చెప్పగలడు.